పన్నెండు బెల్లాల తాడు

కాళ్ళు ముడుచుకో. దుప్పటి నాక్కూడా కాస్త వదులు. ఆఁ, ఇప్పుడు విను. మధ్యలో ప్రశ్నలు వేస్తే కథ ఆపేస్తాను, ముందే చెప్తున్నా.

అనగనగా, గోదారి ఇంక సముద్రంలో కలిసిపోదామా వద్దా అని ఆలోచిస్తూ మెల్లగా నడిచే చోట, ఒక లంక ఊళ్ళో, తాళ్ళు పేనేవాళ్ళ ఇల్లు ఒకటి ఉండేది. కొబ్బరి పీచు నానబెట్టడం, కొట్టడం, పురి ఎక్కించడం, మూడు పేటలు కలిపి తాడు చెయ్యడం, అదే వాళ్ళ పని. నాన్న పేరు సూరన్న. అమ్మ పేరు రత్నం. వాళ్ళకి ఒక్కతే కూతురు, తాయారు. ఎనిమిదేళ్ళది, నీ అంత. నీకంటే కాస్త మాట వినేదిలే.

ఆ ఇంట్లో కంటికి కనబడ్డవన్నీ కొలిచేవారు. తాడు పేనే చేతులు కదా, ఊరుకోవు. మూర అంటే తెలుసుగా, మోచేతి నుంచి నడివేలి కొస దాకా. చెయ్యికో మూర ఉంటే తాడు తాడులా ఉండదు కాబట్టి, ఆ ఇంట్లో మూర అంటే సూరన్న మూరే. గుమ్మం ఎన్ని మూరలు, గుమ్మడిపాదు ఎన్ని మూరలు, అన్నీ కొలిచి గోడ మీద బొగ్గుతో రాసేవారు.

వాళ్ళకి ఇంకో ఆచారం ఉండేది. ఒకళ్ళు కొలిచి చెప్పాక ఇంకొకళ్ళు మళ్ళీ కొలవకూడదు. కొలిస్తే నీ మాట మీద నాకు నమ్మకం లేదు అన్నట్టే. వినడానికి ఎంతో గొప్పగా ఉంటుంది ఈ ఆచారం. దీంతో ఏం తంటా వచ్చిందో చెప్తా ఉండు.

దసరాకి ఆ ఇంటికి ఒక కుక్కపిల్ల వచ్చింది. వచ్చీ రాగానే వంటింట్లో దూరి బెల్లం అచ్చు సగం నాకేసింది. రంగు కూడా అదే రంగు. ఇంక వేరే పేరు వెతకడం ఎందుకని బెల్లం అన్నారు. అప్పుడు సూరన్న దాన్ని అరుగు మీద పడుకోబెట్టి, ముక్కు కొస నుంచి తోక కొస దాకా కొలిచాడు. సరిగ్గా మూరెడు. తాయారు గోడ మీద రాసేసింది, బెల్లం ఒక మూర అని.

ఆ తర్వాత తాయారుకి సొంత మూర దొరికినట్టయింది. నాన్న చెయ్యి ఎప్పుడూ పని మీదే ఉంటుంది. బెల్లం ఎప్పుడూ ఖాళీయే. తినడానికి ఏదైనా చూపిస్తే చాలు, ఎక్కడ పడుకోమంటే అక్కడ బారుగా పడుకునేది. అరుగు ఎన్ని బెల్లాలు, పెరడు ఎన్ని బెల్లాలు అని తాయారు ఆడుకునేది.

ఇంక చదువు సంగతి. బడి పాయకి అవతల ఉంది. వరదలొస్తే నెలల తరబడి పడవ నడపరు. అలా రెండు వరదలు పోయేసరికి, తోటి పిల్లలందరూ పై తరగతికి వెళ్ళిపోయారు, తాయారు మాత్రం చిన్నపిల్లల మధ్య కూర్చోవలసి వచ్చింది. ఆ పిల్ల సిగ్గుపడిపోయి మర్నాటి నుంచి వెళ్ళనంది. రత్నం ఐదో తరగతి దాకా చదువుకుంది. సరే, నాకొచ్చినంత వరకూ నేను చెప్తాను, ఇల్లే బడి అంది. పీచు కొడుతూ ఎక్కాలు, పురి తిప్పుతూ పద్యాలు, అలా సాగిపోతోంది.

అప్పుడు, ఉగాది వెళ్ళిన వారానికి, సూరన్న అక్క అచ్చాయమ్మ టౌను నుంచి దిగింది. ఆవిడ మనసు వెన్నపూస. నోరు మాత్రం కత్తిపీట. ఒక చేతిలో చేగోడీల డబ్బా, ఇంకో చేతిలో సంచీ. సంచీలో తాయారుకి కుట్టించిన పట్టు పరికిణీ.

రెండేళ్ళ కిందట వచ్చినప్పుడు ఆవిడ తాయారు నడుము నుంచి మడమ దాకా ఒక దారంతో కొలిచి, ముడి వేసి, కొంగున కట్టుకుని వెళ్ళింది. ఆ దారం ప్రకారమే కుట్టించింది. తీరా తొడిగి చూస్తే పరికిణీ పిక్కల దగ్గరే ఆగిపోయింది. అచ్చాయమ్మ దర్జీని నానా తిట్లూ తిట్టింది, గుడ్డ మిగుల్చుకున్నాడని.

అప్పుడే, ఆ రెండేళ్ళ కిందటే, ఆవిడ తాయారుని చేతివేళ్ళు లెక్కపెట్టమంది. ఆ పిల్ల కంగారులో ఒక బొటనవేలు రెండుసార్లు లెక్కపెట్టి పదకొండు అంది. అంతే. మా తమ్ముడి కూతురికి లెక్క రాదమ్మా అని టౌన్లో కనబడ్డవాళ్ళందరికీ చెప్పింది. ప్రేమతోనే చెప్పింది, బాధపడుతూనే చెప్పింది. కానీ చెప్పింది.

ఇప్పుడు వచ్చిన పని ఏమిటంటే, తాయారుని తీసుకుపోవడం. తన ఇంటి పక్కనే పెద్ద బడి ఉందిట. తన దగ్గరే పెట్టుకుని చదివిస్తుందిట. కుక్కని మాత్రం ఇంట్లోకి రానివ్వదుట. తాయారు ఒక చేత్తో అమ్మ కొంగు పట్టుకుంది, ఇంకో చేత్తో బెల్లం మెడ పట్టుకుంది. ఏది వదలమన్నా వదిలేటట్టు లేదు. సూరన్న పీచు కేసి చూస్తూ కూర్చున్నాడు. అక్క మాటకి ఎదురుచెప్పి ఎరగడు పాపం.

రత్నం మాత్రం మెల్లగా ఒక మాట అంది. రేపు మేమంతా ఇసుకదిబ్బకి వెళ్తున్నాం, మీరూ రండి వదినగారూ, మా బడి ఎలా ఉంటుందో ఒక్కరోజు చూసి చెప్పండి అంది.

అచ్చాయమ్మ సరే అంది. మూడు పరీక్షలు పెడతానంది. మూడింట్లో ఒక్కటి నెగ్గినా పిల్లని ఇక్కడే ఉంచుకోండి, మూడూ పోతే ఎల్లుండి పడవలో నాతో వస్తుంది అంది. ఆ రాత్రి తాయారు సరిగ్గా అన్నం తినలేదు. దాని వాటా కూడా బెల్లమే తినేసింది, దానికేం తెలుసు.

తెల్లారింది. పడవలో సూరన్న, రత్నం, తాయారు, అచ్చాయమ్మ, బెల్లం. ఒక మూల చేగోడీల డబ్బా. పొద్దున్నే ఇరవై లెక్కపెట్టి పెట్టాను, సాయంత్రం దాకా ఎవరూ ముట్టుకోవద్దు అని ఆవిడ ముందే చెప్పేసింది. ఇంకో మూల నలభై మూరల కొత్త తాడు చుట్ట. తిరిగి వచ్చేటప్పుడు జాలర్ల పేటలో ఇచ్చెయ్యాలి. ఆటు సమయం. నీళ్ళు సముద్రం వైపు లాగుతున్నాయి, పడవ దానంతట అదే పోతోంది.

అప్పుడు మొదటి పరీక్ష పెట్టింది అచ్చాయమ్మ. పదమూడో ఎక్కం చెప్పమంది. తాయారు కళ్ళు మూసుకుని మొదలెట్టింది. పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవై ఆరు, అలా చక్కగా పోతోంది. పదమూడు ఆర్లు డెబ్భై ఎనిమిది అనేసరికి పడవ పక్కనే ఒక నీటికాకి మునిగి తేలింది. బెల్లం ఊరుకుంటుందా? ఒక్క దూకు దూకి మొరిగింది. పడవ ఊగింది. చెంబుడు నీళ్ళు వచ్చి అచ్చాయమ్మ ఒళ్ళో పడ్డాయి. ఆ గోలలో పదమూడు ఏళ్ళు ఎంతో తాయారుకి ఎగిరిపోయింది. అచ్చాయమ్మ చీర పిండుకుంటూ ఒక వేలు మడిచింది.

ఆ తర్వాత ఇసుకదిబ్బ వచ్చింది. చుట్టూ నీళ్ళు, మధ్యలో తెల్లటి ఇసుక, నాలుగు సరుగుడు చెట్లు. ఇంకో నరప్రాణి లేదు. అక్కడ రెండో పరీక్ష. ఇసుకలో నా పేరు రాయమంది అచ్చాయమ్మ. తాయారు పుల్ల తీసుకుని గుండ్రంగా, ఒత్తు ఎక్కడా పోకుండా, అచ్చాయమ్మ అత్తయ్య అని రాసింది. ముత్యాల్లా ఉన్నాయి అక్షరాలు.

చదవాలంటే కళ్ళజోడు కావాలి కదా. ఆవిడ పడవ దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు పెట్టుకుని వచ్చేలోపు, సరిగ్గా ఆ అక్షరాల కిందే ఒక ఎండ్రకాయ ఉన్న సంగతి బెల్లం కనిపెట్టేసింది. తవ్వింది చూడూ, అత్తయ్య లేదు, అచ్చాయమ్మ లేదు, ఒక గొయ్యి మాత్రం ఉంది. రాశాను అత్తయ్యా అంది తాయారు. నేను చూడనిది రాయనట్టే అంది ఆవిడ. రెండో వేలు మడిచింది. ఇది అన్యాయమే, నేనూ ఒప్పుకుంటాను. ఆ రోజుల్లో మేనత్తలని అడిగేవాళ్ళెవరు?

తాయారుకి బెల్లం మీద చెడ్డ కోపం వచ్చింది. ఫో అంది. అది ముక్కు నిండా ఇసుకతో తోక ఊపుకుంటూ మళ్ళీ వచ్చింది. అప్పుడు రత్నం కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని ఇసుకలో బెల్లం అడుగులు చూపించింది. ఎక్కడ నడిచిందో, ఎక్కడ పరిగెత్తిందో, ఎక్కడ వాసన పట్టి ఆగిందో అడుగులు చూసి చెప్పమంది. తాయారు కోపం మరిచిపోయి అన్నీ చెప్పింది. దసరాకి మన వాకిట్లో పడ్డ అడుగు రేగిపండంత ఉండేది, ఇప్పుడు చూడు, నా అరచేతిలో సగం ఉంది అంది రత్నం. పక్కనుంచి అచ్చాయమ్మ, కుక్క అడుగులు చదివితే ఏ బడిలో మార్కులేస్తారమ్మా అంది.

ఆ తర్వాత అన్నాలు తిన్నారు. ఎండ కాస్త వాలింది. అప్పుడు సూరన్న నీళ్ళకేసి చూసి గబుక్కున లేచాడు. ఆటు అయిపోయింది, పోటు మొదలైంది. సముద్రం నీళ్ళు వెనక్కి ఎగదన్నుతున్నాయి. పడవ ఇసుకలో దిగేసిన ఒక గెడకి కట్టి ఉంది. నీళ్ళు పెరిగితే గెడ లేచిపోతుంది. గెడ లేచిపోతే పడవ పోతుంది. పడవ పోతే నలుగురూ ఒక కుక్కా ఆ దిబ్బ మీదే. పోటు నిండితే గానీ ఇంటికి బయల్దేరలేరు, కాబట్టి అందాకా పైనున్న సరుగుడు చెట్టుకి కట్టాలి. పడవలో ఉన్న పాత తాడు చూస్తే పుచ్చిపోయి ఉంది. తాళ్ళు పేనేవాడి పడవకి మంచి తాడెందుకు ఉంటుంది? లోకమే అంత.

కొత్త చుట్టలోంచి కొయ్యాలి. కోస్తే ఎంత కావాలో అంతే కొయ్యాలి, మిగతాది జాలర్లకి ఇవ్వాలి. సూరన్న నీళ్ళలో దిగి పడవ పట్టుకున్నాడు. చెట్టు నుంచి పడవ దాకా ఎన్ని మూరలో ఎవరైనా కొలవండి అన్నాడు. అచ్చాయమ్మ లేచి నిలబడింది. ఇదే మూడో పరీక్ష, పిల్లే కొలవాలి అంది.

రత్నం గిన్నెలు సర్దుతోంది, చూడలేదు. తాయారు అటూ ఇటూ చూసి, చేగోడీల డబ్బా పట్టుకుంది. చెట్టు మొదట్లో బెల్లాన్ని బారుగా పడుకోబెట్టింది. ముక్కు దగ్గర గీత గీసింది, ఒక చేగోడీ పెట్టింది. ఆ గీత దగ్గర తోక ఉండేట్టు మళ్ళీ పడుకోబెట్టింది, మళ్ళీ గీత, మళ్ళీ చేగోడీ. బెల్లం జన్మలో అంత బుద్ధిగా చదువుకోలేదు. అచ్చాయమ్మ డబ్బా కేసి చూస్తూ పళ్ళు కొరికింది గానీ, పరీక్ష కదా, డబ్బా లాక్కోలేదు.

పన్నెండుసార్లకి పడవ వచ్చింది. "పన్నెండు మూరలు నాన్నా" అంది తాయారు.

మళ్ళీ కొలవడం ఆ ఇంట్లో లేదని చెప్పాగా. అప్పుడు రత్నం వచ్చి పడవ పట్టుకుంది. సూరన్న ఒడ్డెక్కి చుట్టలోంచి పన్నెండు మూరలు, రెండు కొసల్లో ముళ్ళకి మరో రెండు, మొత్తం పద్నాలుగు కొలిచి కోసేశాడు. ఒక కొస చెట్టుకి కట్టాడు. రెండో కొస పట్టుకుని పడవ వైపు నడిచాడు. నడిచాడు, నడిచాడు, సగం దూరంలో తాడు అయిపోయింది.

సూరన్న చేతిలో కొస కేసి చూశాడు. కూతురి కేసి చూశాడు. నీళ్ళు రత్నం మోకాళ్ళ దాకా వచ్చాయి.

అచ్చాయమ్మ మూడో వేలు మడిచింది. "ఆనాడు పదకొండు వేళ్ళు, ఈనాడు ఇది. పన్నెండు దాకా లెక్కపెట్టడం కూడా రాలేదు పిల్లకి. బట్టలు సర్దు శుభ్రంగా" అంది తమ్ముడి భార్యతో. సంతోషంగా అనలేదు సుమా.

సూరన్న వెనక్కి వెళ్ళి తనే కొలవబోయాడు. రత్నం వద్దంది. "తప్పు ఎవరు చేస్తే వాళ్ళే వెతుక్కోవాలి. నువ్వొచ్చి పడవ పట్టుకో, నా బలం చాలడం లేదు" అంది. ఆయన నీళ్ళలోకి దిగాడు.

తాయారు కళ్ళనిండా నీళ్ళు. టౌను బడి, కొత్త ఇల్లు, గుమ్మం బయట బెల్లం, అన్నీ ఒక్కసారి కనబడ్డాయి దానికి. ఒక్క క్షణం ఏడ్చింది. ఆ తర్వాత ముక్కు తుడుచుకుని డబ్బా మూత తీసింది. తినడానికి కాదు. లెక్కపెట్టడానికి. ఎనిమిది ఉన్నాయి.

"అత్తయ్యా, పొద్దున్న డబ్బాలో ఎన్ని ఉన్నాయి?"

ఇరవై అంది ఆవిడ. తనే లెక్కపెట్టింది మరి.

"ఇరవైలో ఎనిమిది పోతే పన్నెండు. బెల్లం పన్నెండు తింది. అంటే నేను పన్నెండుసార్లే కొలిచాను. లెక్క తప్పలేదు అత్తయ్యా. ఇంకేదో తప్పింది."

తాయారు బెల్లం కేసి చూసింది. అప్పుడు ఆ పిల్లకి రేగిపండంత అడుగు గుర్తొచ్చింది. గబగబా బెల్లాన్ని ఈడ్చుకుంటూ నాన్న దగ్గరికి పరిగెత్తింది. ఒక చెయ్యి చాపు నాన్నా అంది. సూరన్న ఒక చేత్తో పడవ పట్టుకుని, ఇంకో చెయ్యి బెల్లం వీపు పక్కన పెట్టాడు. ముక్కు కొస నుంచి ఒక మూర. ఇంకా కుక్క మిగిలింది. ఇంకో మూర. అప్పుడు వచ్చింది తోక కొస.

"బెల్లం రెండు మూరలు నాన్నా. అది పెరిగింది. గోడ మీద రాసింది పెరగలేదు" అంది తాయారు.

సూరన్న ముఖం చూడాలి అప్పుడు. నీళ్ళేమో పెరుగుతున్నాయి, ఆయనేమో నవ్వుతున్నాడు. తాయారు వేళ్ళు మడుస్తూ చెప్పింది. పన్నెండు రెళ్ళు ఇరవై నాలుగు. ముళ్ళకి రెండు. ఇరవై ఆరు కావాలి. చేతిలో పద్నాలుగు ఉంది.

"ఇంకా పన్నెండు కొయ్యాలి, ఆ మాత్రం నాకూ వచ్చు" అంది అచ్చాయమ్మ, ఉండబట్టలేక.

"పదమూడు అత్తయ్యా. రెండు తాళ్ళూ పేటలు విప్పి ఒకదాన్లో ఒకటి అల్లి కలపాలి కదా. ఆ అల్లికలో ఒక మూర పోతుంది."

అచ్చాయమ్మ టౌన్లో ఉంటుంది, తాడు సంగతి మరిచిపోయింది. పుట్టిల్లు అదే అయినా మరిచిపోయింది. తమ్ముడి కేసి చూసింది. సూరన్న తల ఊపాడు, పదమూడే అని.

అప్పుడు ఏం చేసిందో చెప్పనా? చీర పైకి దోపి, కళ్ళజోడు తీసి ఒడ్డున పెట్టి, టప్పున నీళ్ళలోకి దిగింది. పడవ నేను పట్టుకుంటాను, నువ్వెళ్ళి కొయ్యరా అని తమ్ముణ్ణి ఒడ్డుకి తోసింది. వదినా మరదళ్ళిద్దరూ నడుముల్లోతు నీళ్ళలో పడవని పట్టుకున్నారు. సూరన్న పదమూడు మూరలు కోశాడు. తాయారు చిన్న చిన్న వేళ్ళతో పేటలు విప్పి, కింద నుంచి పైకి, పై నుంచి కిందకి అల్లేసింది. ఆ అల్లిక చూస్తే అది ఎనిమిదేళ్ళ పిల్ల చేసిందని ఎవరూ అనరు. సూరన్న గట్టిగా లాగి చూశాడు. ఆ తర్వాత కొస పట్టుకుని నడిచాడు.

తాడు పడవ దాకా వచ్చింది. ముడికి సరిపోయింది. మిగల్లేదు, తగ్గలేదు.

కాసేపటికి గెడ లేచి కొట్టుకుపోయింది. పడవ పైకి తేలి ఒక్క గుంజు గుంజింది. తాడు బిగిసింది. పడవ ఎక్కడికీ పోలేదు.

పోటు నిండాక దాని మీదే ఇంటికి పోవచ్చని అందరూ ఇసుకలో కూర్చున్నారు. మిగిలిన ఎనిమిది చేగోడీలు మనిషికి రెండు పంచింది అచ్చాయమ్మ. బెల్లానికి ఇవ్వలేదు, దాని వాటా అయిపోయింది కదా. ఆ పూట కట్టుకొచ్చిన కొత్త పరికిణీ తడిసి తాయారు పిక్కలకి అంటుకుని ఉంది. ఆవిడ చూపు దాని మీద పడింది. మెల్లగా కొంగు ముడి విప్పి ఆ పాత దారం తీసింది. తాయారుని నిలబెట్టి నడుం దగ్గర పెట్టి వదిలింది. దారం కొస పిక్కల దగ్గర ఊగుతోంది.

"దర్జీ తప్పు కాదు అత్తయ్యా" అంది తాయారు, భయపడుతూనే.

"తెలుస్తోందే తల్లీ. దర్జీనీ ఊరికే అన్నాను, నిన్నూ ఊరికే అన్నాను. రెండేళ్ళ కిందటి పిల్లని కొంగున కట్టుకు తిరుగుతున్నాను నేను. పిల్ల పెరిగింది, నా దారం పెరగలేదు."

ఆవిడ ఆ దారాన్ని నీళ్ళలో పడేసింది. మడిచిన మూడో వేలు విప్పింది. ఒక్క క్షణం ఆలోచించి మిగతా రెండూ కూడా విప్పేసింది. తాయారు వెళ్ళి ఆవిడ ఒళ్ళో కూర్చుంది. బెల్లం కూడా కూర్చోబోయింది. రెండు మూరల కుక్క ఒళ్ళో పడుతుందా? సగం పట్టింది, సగం బయటే ఉంది. అచ్చాయమ్మ తొయ్యలేదు.

పడవ జాలర్ల పేటకి వచ్చేసరికి సూరన్న మిగిలిన పదమూడు మూరలు వాళ్ళకి ఇచ్చి, మిగతా తాడు రేపు పేని ఇస్తానన్నాడు. ఇంక ఇల్లు కనబడుతోందనగా తాయారు ఉన్నట్టుండి, "పదమూడు ఏళ్ళు తొంభై ఒకటి" అంది. పొద్దుటి ప్రశ్నకి సాయంత్రం జవాబు. అచ్చాయమ్మ పడీ పడీ నవ్వింది.

ఇంటికి రాగానే తాయారు గోడ మీద పాత రాత చెరిపేసి, బెల్లం రెండు మూరలు అని రాసింది. కాస్త ఆగి పక్కనే, ఈ రోజుకి, అని కూడా రాసింది. ఆ ఇంట్లో ఆచారం కూడా ఆ రోజే మారింది. ఎవరు కొలిచినా సరే, పండక్కోసారి అన్నీ మళ్ళీ కొలవాలని పెట్టుకున్నారు. మర్నాడు పడవలో అచ్చాయమ్మ ఒక్కతే వెళ్ళింది, కొంగున కొత్త కొలత కట్టుకుని.

చూశావా, నిద్రొచ్చేసింది నీకు. రేపు పొద్దున్నే నిన్నూ గుమ్మం దగ్గర నిలబెట్టి కొలుస్తాను. చీకటంటే భయం నీకని పోయినేడు మీ అమ్మతో చెప్పాను. అది కూడా మళ్ళీ చూడాలి. దీపం ఆర్పనా మరి?

తాడు చెట్టుకి, పడవ ఒడ్డుకి,
పన్నెండు చేగోడీలు బెల్లం పొట్టకి,
బొగ్గు గోడకి, కోపం గాలికి,
కొత్త కొలతేమో కొంగు ముడికి,
కథ కంచికి, కునుకు కంటికి,
నువ్వూ నేనూ దుప్పటి లోపలికి.